దుబాసీ పని: ఒకే ఊరు, మూడు ఇంటి భాషలు

ఏలూరు పవర్‌పేటలో నన్ను చైనా రూతమ్మ అంటారు. నేను చైనాదాన్ని కాను. తాతల నాటి నుంచీ మిషన్ చర్చి పక్క సందులోనే మా ఇల్లు. చైనా భాష నేర్చుకుని, రొయ్యలు ఎగుమతి చేసేవాళ్ళకూ చెరువుల మిషన్లు తెప్పించుకునేవాళ్ళకూ దుబాసీగా పనిచేసి, మోకాళ్ళు మొరాయించాక మానేశాను. ఇప్పుడు పిల్లలు ఇంటికి వస్తున్నారు. డిగ్రీ అయిందండీ, ఫోన్లో కొంచెం చైనా నేర్చుకున్నామండీ, ఈ పనిలో ఏముంటుందండీ అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పి నోరు నొప్పెడుతోంది కాబట్టి రాస్తున్నాను.

జీతాల సంగతీ వీసా కాగితాల సంగతీ నన్ను అడగకండి. అవి ఏటా మారతాయి. మారనివి కొన్ని ఉన్నాయి, అవి చెబుతాను. దుబాసీ అంటే మాటకు మాట అప్పజెప్పేవాడు అనుకుంటారు అందరూ. నేనూ అలాగే అనుకుని బయల్దేరాను.

ఢిల్లీలో చదివిన భాష

మా నాన్న బళ్ళో లెక్కల మాస్టారు. ఎవరూ నేర్చుకోనిది నేర్చుకో, పోటీ ఉండదు అనేవారు. ఆ మాట పట్టుకుని ఢిల్లీ వెళ్ళి ఒళ్ళు వంచి చైనా భాష చదివాను. రొయ్యల కంపెనీలో చేరితే వాళ్ళు నన్ను జాన్‌జియాంగ్ పంపారు. అది చైనాకు దక్షిణాన సముద్రం ఒడ్డునున్న ఊరు. మన గణపవరంలో నలుగురు కలిస్తే చెరువుల మాట ఎలా వస్తుందో, అక్కడ రొయ్యల మాట అలా వస్తుంది.

దిగిన మర్నాడు చేపల బజారుకు వెళ్ళాను. ఒక్క ముక్క అర్థం కాలేదు. నేను మాట్లాడింది వాళ్ళకు తెలుస్తూనే ఉంది. టీవీలో వార్తలు చదివే అమ్మాయి వంకాయలు బేరమాడుతుంటే చూసినట్టు చూశారు. వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకునేది మాత్రం వేరే ఏదో. గదికి వచ్చి తలుపేసుకుని ఏడ్చాను. నాకు వేరే దేశం భాష నేర్పి పంపారేమో అనిపించింది.

సంగతేమిటంటే, నేను చదివింది పుతుంగ్‌హువా. బడిలో, ఆఫీసులో, టీవీలో దేశమంతటా నడిచే పెద్ద భాష. ఆ ఊరికి ఇంటి భాషలు వేరే మూడున్నాయి. పాత బజారు వీధుల్లో కాంటనీస్, దాన్ని వాళ్ళు బాక్-వా అంటారు. దక్షిణాన లెయ్‌జౌ వైపు పల్లెల నుంచి వచ్చినవాళ్ళది లెయ్‌జౌ మాట. ఉత్తరాన కొండల వైపువాళ్ళది హక్కా. ఈ హక్కావాళ్ళు తమ భాషను ఙాయ్ మాట అంటారు. ఙాయ్ అంటే నేను అని. మన అక్షరమాలలో ఏ పనీ లేకుండా కూర్చున్న ‘ఙ’కి అక్కడ చేతినిండా పని ఉంది.

ఇవి మన శ్రీకాకుళం యాసా గోదావరి యాసా లాంటివి అనుకుంటే పొరపాటు. తెలుగూ తమిళమూ ఒరియా, ధ్వనికి కాక అర్థానికి అక్షరం ఉండే ఒకే లిపిలో రాసుకుంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. కాగితం మీద పెడితే అందరికీ తెలుస్తుంది, నోరు తెరిస్తే తెలియదు. ఒక్క ఇంటిపేరునే పెద్ద భాషలో చెన్ అనీ, బాక్-వాలో చాన్ అనీ, హక్కాలో చిన్ అనీ పిలుస్తారు. అక్షరం మాత్రం ఒకటే.

ఆల్చిప్పలు అమ్మే ఒకావిడ నన్ను ఒడ్డున పడేసింది. ఆవిడ లెయ్‌జౌ మనిషి. వ్యాకరణం గట్రా ఏమీ లేదు. నేను వేలు పెట్టి చూపిస్తే పేరు చెప్పేది. నీళ్ళు, చేప, బుట్ట, కత్తి. నేను తప్పు పలికితే పక్క కొట్లవాళ్ళను పిలిచి మరీ నవ్వేది. అలా కొన్నాళ్ళకు నాకు ఆ భాష వచ్చేసిందని కోతలు కోయను. ఓ వంద మాటలు వచ్చాయంతే. కానీ ఆవిడ దగ్గర ఒక సంగతి గమనించాను. నాతో పెద్ద భాషలో మాట్లాడేటప్పుడు ఆవిడ ముఖం ఆఫీసు ముందు నిలబడ్డ మనిషి ముఖంలా ఉండేది. తన వస్తువుల పేర్లు తన భాషలో చెప్పేటప్పుడు ఆ బిగింపు పోయేది. పేర్లు అడిగేవాళ్ళ మీద ఎవరికీ కోపం రాదు. ఇది మీకు ఏ కోర్సులోనూ చెప్పరు.

ఇప్పుడు అక్కడి పిల్లలకు ఇంటి భాష రావడం తగ్గిపోయిందని వింటున్నాను. నాయనమ్మ ఒక భాషలో తిడితే మనవడు ఇంకో భాషలో జవాబు చెబుతాడట. మన కాన్వెంటు పిల్లల్ని చూస్తున్నవాళ్ళకు ఇది వింతేమీ కాదు.

ప్రసాద్ గారి షేక్‌హ్యాండు

నా మొదటి బాస్ ప్రసాద్ గారు. రొయ్య చేతిలో పట్టుకుంటే చాలు, అది ఏ చెరువుదో చెప్పగల మనిషి. మనుషుల విషయంలో మాత్రం అంత కంటిచూపు లేదు. ఒకసారి కొనేవాళ్ళతో మాటలు జరుగుతున్నాయి. అంతా పెద్ద భాషలో సాఫీగా సాగుతోంది. చివర్లో వాళ్ళు ముగ్గురూ ఒకరి ముఖాలొకరు చూసుకుని బాక్-వాలోకి దిగారు. నాలుగు ముక్కలు మాట్లాడుకుని, మళ్ళీ పెద్ద భాషలోకి వచ్చి, నవ్వుతూ లేచి మాకు టీ పోశారు.

‘అయిపోయిందండీ, ఒప్పేసుకున్నారు’ అని ప్రసాద్ గారు లేచి షేక్‌హ్యాండ్లు ఇచ్చేశారు.

‘ఒప్పుకోలేదండీ’ అన్నాను బయటికొచ్చాక.

‘నీకు బాక్-వా రాదు కదమ్మా, ఎలా చెబుతున్నావ్?’

‘ఒప్పుకునేదైతే మన ముందే పెద్ద భాషలో ఒప్పుకునేవాళ్ళండీ. ఇంటి భాషలోకి వెళ్ళారంటే అక్కడ వేరే లెక్క ఉంది.’

ఆయన నవ్వేశారు. మర్నాడు వాళ్ళు ఫోన్ చేసి కుదరదన్నారు. ఆ తర్వాత ఏ మీటింగులోనైనా ఆయన వాళ్ళ ముఖాలు చూడటం మానేసి నా ముఖం చూసేవారు. అదీ మంచిది కాదు. దుబాసీ ముఖం చూసి వ్యాపారం చేసే బాసు దొరికితే మీకు తలనొప్పే.

మనం కూడా అంతే కదా. ఆఫీసర్‌తో మాట్లాడుతూ మాట్లాడుతూ పక్కన ఉన్న బావమరిదితో ‘ఏరా, ఏం చేద్దామంటావ్’ అంటాం. అసలు మాట అక్కడ ఉంటుంది.

తిట్లు చెప్పాలా వద్దా

జాన్‌జియాంగ్ నుంచి తిరిగొచ్చాక తాడేపల్లిగూడెంలో ఒకాయన దగ్గర చేశాను. చెరువుల్లో నీళ్ళు చిలికే ఏరియేటర్లు తెప్పించి అమ్మేవాడు. ఆయనకు నచ్చిన మాటలే ఆయనకు చెప్పాలి. ఒకసారి అవతలివాడు ఫోన్లో అరగంట ఊపిరి తీసుకోకుండా మాట్లాడాడు.

‘తిట్టాడాండీ?’ అన్నాడు మా బాసు.

‘తిట్టాడండీ.’

‘అయితే తిట్లు వదిలేసి మిగతాది చెప్పండి.’

‘మిగతాది ఏమీ లేదండీ.’

ఇది చెబితే అందరూ నవ్వుతారు. నాకు మాత్రం అప్పుడు నవ్వు రాలేదు. తిట్టింది చెప్పాలా, చల్లార్చి చెప్పాలా అనేది ఈ పనిలో రోజూ ఎదురయ్యే చిక్కు. నా తరం దుబాసీలం చల్లార్చేవాళ్ళం. మా గోదావరి వైపు మాట మెత్తన కదా, కరుకు మాటను తెలుగులోకి తెచ్చేసరికే దానికి ‘అండీ’ తగిలించి సగం విషం తీసేసేవాళ్ళం. అది మంచితనం అనుకునేవాళ్ళం. ఈ మధ్య జరిగిన ఒక సంగతితో నా ఆలోచన కొంచెం మారింది. మీకు అసలు చెప్పాలనుకున్నది అదే.

వారం రోజుల పని

జ్యోతిది మండవల్లి దగ్గర కొల్లేటి పల్లె. తండ్రి చెరువుల మీద వలలు లాగుతాడు. తల్లి రొయ్యల షెడ్డులో తలలు వలుస్తుంది. ఆ షెడ్డుకు నేను చైనావాళ్ళను వెంటబెట్టుకుని వెళ్ళే రోజుల్లో, నా వెనకే తిరుగుతూ నా నోటి వంకే చూసేది ఆ పిల్ల. డిగ్రీ అయ్యాక నేరుగా మా ఇంటికి వచ్చింది.

‘నాకు నేర్పండి మేడంగారూ. అమ్మ చేతులు చూశారు కదండీ. ఐసు నీళ్ళలో నానీ నానీ వేళ్ళు ముడుచుకోవడం లేదండీ. నేనూ ఆ షెడ్డులోకే వెళ్ళాలా?’

మూడేళ్ళు నేర్పాను. మొండిఘటం. నాకంటే మొండి. చైనా నుంచి రాకపోకలు తగ్గిపోయిన రోజుల్లో కూడా మానలేదు. చైనావాళ్ళకు వీసాలు మళ్ళీ ఇవ్వడం మొదలెట్టారని తెలియగానే దెందులూరు దాటాక హైవే పక్కన చేపల మేత మిల్లు పెట్టిన వర్మ గారికి ఫోన్ చేసి, ఆ అమ్మాయిని తీసుకోమని అడిగాను.

వర్మ గారు గణపవరం మనిషి. చెరువుల మీద పైకొచ్చాడు. మనసు మంచిదే, తొందర ఎక్కువ. జాన్‌జియాంగ్ నుంచి నీళ్ళ మీద తేలే మేత తయారుచేసే మిషన్ తెప్పించాడు. పిండి లోపల ఉడికి, చిల్లుల్లోంచి బయటికి వస్తుంటే కత్తి ముక్కలు కోస్తుంది. ఆ కత్తీ చిల్లులూ సరిగ్గా కుదిరితేనే ముక్క పొంగి తేలుతుంది. లేకపోతే చెరువు అడుక్కు పోతుంది.

‘తీసుకోవడానికి ఏముందండీ రూతమ్మ గారూ’ అన్నాడు. ‘కానీ ఫోన్లో యాప్ ఉంది కదండీ. నేను తెలుగులో అంటే అదే చైనాలో చెప్పేస్తోంది. మీరు అడిగారు కాబట్టి ఓ వారం చూస్తానండీ. ఫోనుకు రానిది ఆ అమ్మాయికి వస్తే ఉద్యోగం ఇచ్చేస్తాను. లేదంటే ఏమనుకోకండి.’

వారం తర్వాత కాదంటే తనకు షెడ్డే గతి అని జ్యోతికి తెలుసు. తల్లి చోటు తీసుకోమని మేస్త్రీ అప్పటికే ఇంటికి వచ్చి అడిగి వెళ్ళాడు. ఆ వారం మా ఇంట్లోనే ఉండి రోజూ ఆటోలో మిల్లుకు వెళ్ళింది.

చైనా నుంచి వచ్చింది ముగ్గురు. ఇంజనీరు హువాంగ్ జాన్‌జియాంగ్ ఊళ్ళోవాడు, ఇంటి భాష బాక్-వా. కరెంటు పని చూసే లియావ్ హక్కా మనిషి. ఫిట్టరు చెన్ పెద్దాయన, లెయ్‌జౌ పల్లెవాడు. మిషన్‌కు కత్తి కూర్చాల్సింది ఆయనే. ఒకే ఊరి నుంచి ఒకే విమానంలో వచ్చిన ముగ్గురూ ఒకరితో ఒకరు పెద్ద భాషలోనే మాట్లాడుకోవాలి. చెన్ గారికి అది ముక్కుతూ మూలుగుతూ వస్తుంది.

హువాంగ్‌తో వర్మ గారికి ఫోనే సరిపోయింది. ఫోను మంచిదే, నేనేమీ వంక పెట్టను. చెన్ గారు నోరు తెరిస్తేనే దానికి తిక్క పుట్టేది. ఆయన ‘బోల్టు బిగించాలి’ అంటే అది ‘అత్తగారికి జలుబు చేసింది’ అని తెలుగులో చెప్పేది.

కత్తి తప్ప అంతా బిగించి, రేపు మిషన్ తిప్పుతారనగా చెన్ గారు చేతులు ముడుచుకుని షెడ్డు గట్టు మీద కూర్చున్నాడు. ఏమైందంటే ‘మెయ్ షి’, ఏమీ లేదు. మిషన్ బాగుందా అంటే బాగుంది. తిప్పుదామా అంటే తర్వాత. జ్యోతి అడిగినా అదే జవాబు. హువాంగ్ కసిరితే ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఒకరోజు పోయింది, రెండో రోజూ పోయింది. వర్మ గారికి ఓపిక అయిపోయింది. నాకు ఫోన్ చేశాడు.

‘మీ అమ్మాయివల్ల కావట్లేదండీ. ఒక్కసారి మీరు రావాలండీ. కారు పంపిస్తున్నాను.’

పేర్లు అడగడం

నేను వెళ్ళేసరికి జ్యోతి ఆఫీసులో లేదు. పెరట్లో చెన్ గారి పక్కన నడుస్తోంది. నాకు మండింది. మిషన్ ఆగిపోయి యజమాని తల పట్టుకుంటే ఈ పిల్ల షికార్లు కొడుతోందేమిటి అనుకున్నాను. పిలవబోయి, ఆమె వేలు చూసి ఆగిపోయాను.

నీళ్ళ పంపు వైపు చూపించింది. ‘చుయ్’ అన్నాడు పెద్దాయన. ఆమె అంది. ఆయన తల అడ్డంగా ఊపి మళ్ళీ చెప్పాడు. మళ్ళీ అంది. మేత బస్తా మీది చేప బొమ్మ చూపించింది. ‘హు.’ ఆమె ఎలా పలికిందో గానీ ఆయన పెదవి చివర కదిలింది. అలా ఒక్కో వస్తువూ చూసుకుంటూ గేటు దాకా వెళ్ళారు. గేటు పక్కన ఖాళీగా ఒక సత్తు పళ్ళెం ఉంది. అక్కడ ఆమె ఏమీ అడగలేదు. ఆయనే పళ్ళెం వైపు చూపించి ‘కావ్’ అన్నాడు. తర్వాత చేతులు రెండూ ఖాళీ అన్నట్టు తిప్పి, గబగబా తన భాషలో ఏదో చెప్పాడు.

ఆ మాటలు జ్యోతికి రావు. నాకూ రావు. నాకు వచ్చిన వంద మాటల్లో ‘కావ్’ ఒకటి, కుక్క అని. మిగతాదంతా గాలికి పోయింది. జ్యోతి పరుగెత్తుకెళ్ళి స్విచ్‌బోర్డు దగ్గరున్న లియావ్‌ను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. లియావ్ భార్యది లెయ్‌జౌ అని మొదటి రోజే మాటల్లో తెలుసుకుందట, అతనికీ ఆ భాష వచ్చేమో అని అప్పుడే తట్టింది. అత్తగారి పోరు పడలేక అతనూ ఆ భాష నేర్చుకున్నాడు. మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదయ్యా అంటే, కరెంటు పనివాణ్ణి ఫిట్టరు సంగతి ఎవరూ అడగలేదన్నాడు.

చెన్ గారు లియావ్‌తో లెయ్‌జౌ మాటలో, లియావ్ జ్యోతితో పెద్ద భాషలో, జ్యోతి మాతో తెలుగులో. కాలవలోంచి బిందెలు చేతులు మారినట్టు మాట చేతులు మారి మా దగ్గరికి వచ్చింది. గేటు దగ్గర టైగర్ అనే ఊరకుక్క ఉండేది. ముగ్గురూ దిగిన రోజే తనంతట తాను వచ్చి మిషన్ పెట్టె ముందు పడుకుంది. రోజూ పెద్దాయన దానికి తిండి పెట్టేవాడు. ఇప్పుడు అది కనబడటం లేదు. కాపలా కుక్క వెళ్ళిపోయిన చోట కొత్త పని మొదలుపెట్టడు ఆయన.

‘కుక్కా?’ అన్నాడు వర్మ గారు. ‘కుక్క కోసం మిషన్ ఆపేశాడాండీ?’

లెయ్‌జౌ పల్లెల్లో గేటు ముందూ గుమ్మం ముందూ రాతికుక్కలుంటాయని, వాటికి దండం పెట్టుకుంటారని నేను చెప్పాను. ‘మీరు మిషన్‌కు నిమ్మకాయలు కట్టించారు కదండీ, ఇదీ అలాంటిదే’ అన్నాను. ఆయన తల తిప్పి నిమ్మకాయల వంక చూశాడు.

అప్పుడు వాచ్‌మన్ ఏసుబాబు గొంతు సవరించుకున్నాడు.

‘టైగర్ని నేనేనండి తీస్కెళ్ళింది. మా చెల్లెలి ఊళ్ళో దింపేసొచ్చానండి.’

‘నువ్వా? ఎందుకయ్యా?’

‘ఆయ్, మరండి... ఆ పెద్దాయన రోజూ దాన్ని మేపుతున్నాడండి. క్రిస్మస్‌కి మేకపోతుని మేపినట్టు మేపుతున్నాడండి. చైనావోళ్ళు తింటారంట కదండి. పాపం, నోరు లేని జీవం అని...’

చుట్టూ ఉన్న పనివాళ్ళు తలలు దించుకున్నారు. అందరికీ తెలుసన్నమాట. అందరూ కలిసే చేశారు.

టీకా

జాన్‌జియాంగ్‌లో కుక్క మాంసం హోటళ్ళు ఉన్నాయా అంటే ఉన్నాయి. నేను చూశాను. గుమ్మంలో రాతికుక్కకు పొద్దున్నే దండం పెట్టే ఇళ్ళూ చూశాను. చేపల పులుసు లేనిదే ముద్ద దిగనివాళ్ళూ, ఆ వాసనకే ముక్కు మూసుకునేవాళ్ళూ మన ఒక్క వీధిలోనే లేరా? చైనావాళ్ళంతా ఒకటే అనుకోవడం మన తెలివితక్కువ. ఆ మాటే అన్నాను, కాస్త గట్టిగానే అన్నాను.

వర్మ గారు జ్యోతి వైపు తిరిగాడు.

‘ఇదంతా ఆయనకు చెప్పకమ్మా. కుక్కకు టీకా వేయించడానికి తీసుకెళ్ళారని చెప్పు. రేపు తెప్పించేద్దాం.’ నా వంక చూశాడు. ‘ఏమంటారండీ?’

నేనైతే టీకా అనే చెప్పేదాన్ని. ఇన్నేళ్ళూ అలాంటివే చెప్పాను. ముసలాయన మనసు నొచ్చుకోదు, మన పరువు పోదు, మిషన్ తిరుగుతుంది. అవునని తల ఊపబోయాను.

‘వద్దండీ’ అంది జ్యోతి.

‘ఏంటమ్మా వద్దు?’

‘టీకా అంటే ఏ టీకా అంటారండీ. ఎక్కడ అంటారండీ. అబద్ధం ఆడటానికి సరిపడా చైనా భాష నాకింకా రాలేదండీ.’

వర్మ గారికి నవ్వాలో కోప్పడాలో తెలియలేదు. ‘నీ ఇష్టం. తేడా వచ్చి ఈయన విమానం ఎక్కేశాడంటే మాత్రం, రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు. ముందే చెబుతున్నాను.’

ఆ పిల్ల ముఖం పాలిపోయింది. చేతులు దుపట్టాలో చుట్టేసుకుంది. నాకైతే ఎందుకొచ్చిన గొడవే, టీకా అనేయ్ అని అరవాలనిపించింది. ఆమె నాలుగు కుర్చీలు తెప్పించి, హువాంగ్‌ను కూడా పిలిచి కూర్చోబెట్టి, తను చెన్ గారి పక్కన కూర్చుంది. ఏసుబాబు చెప్పింది చెప్పినట్టు, మేకపోతుతో సహా, లియావ్‌కు చెప్పింది. అతను నీళ్ళు నమిలాడు. చెప్పమన్నట్టు తల ఊపింది. అతను తల వంచుకుని చెప్పాడు.

చెన్ గారు ఏసుబాబు వైపు చూశాడు. తర్వాత లేచి తన గదిలోకి వెళ్ళిపోయాడు. ‘అయిపోయింది’ అన్నాడు వర్మ గారు. జ్యోతి కదల్లేదు. పెద్దాయన సూట్‌కేసు మోసుకుంటూ బయటికొచ్చాడు. విమానానికే అనుకున్నాం అందరం. ఆయన దాన్ని మా మధ్యలో పెట్టి మూత తీశాడు. లోపల అన్నీ నూడుల్స్ ప్యాకెట్లే. సగం పెట్టె అప్పటికే ఖాళీ.

ఆయన తన భాషలో చెప్పడం మొదలెట్టాడు. ముందు లియావ్ నవ్వాడు, కుర్చీలోంచి జారిపోయేంత నవ్వు. అతను పెద్ద భాషలో చెప్పగానే హువాంగ్, నేనూ, జ్యోతి నవ్వాం. వర్మ గారూ పనివాళ్ళూ మా నోళ్ళ వంక చూస్తూ, ఎందుకో తెలియకుండానే నవ్వడానికి సిద్ధంగా ఉన్నారు. జ్యోతి కళ్ళు తుడుచుకుని చెప్పింది.

‘ఇండియాలో తిండి తింటే బతకవని వాళ్ళ ఊరంతా భయపెట్టారంటండీ. నీళ్ళు ముట్టుకోవద్దన్నారంట. అందుకని తిరిగెళ్ళేదాకా సరిపడా నూడుల్స్ తెచ్చుకున్నారంటండీ. వచ్చిన రోజు మన వంటామె బొచ్చె చేపల పులుసు వడ్డిస్తే, మొహమాటానికి తిన్నారంట. మర్నాటి నుంచి అడిగి మరీ వేయించుకుంటున్నారంట. నూడుల్స్ వెనక్కి తీసుకెళితే ఇంటావిడ నవ్వుతుందని టైగర్‌కి పెడుతున్నారంటండీ.’

అప్పుడు నవ్వింది మిల్లు. ఏసుబాబు మాత్రం నవ్వలేదు. చెన్ గారి దగ్గరికొచ్చి రెండు చేతులూ జోడించి, ‘తప్పయిపోయిందండి పెద్దాయనా’ అన్నాడు. దాన్ని ఎవరూ అనువదించలేదు. పెద్దాయన అతని చేతులు పట్టుకుని ఒక నూడుల్స్ ప్యాకెట్ పెట్టాడు. ఏసుబాబు బండెక్కి వెళ్ళి, మధ్యాహ్నానికి టైగర్ని గోనెసంచిలో కూర్చోబెట్టుకుని తిరిగొచ్చాడు. అది దూకి నేరుగా పళ్ళెం దగ్గరికే వెళ్ళింది.

కత్తి కూర్చి మిషన్ తిప్పారు. మొదటి మేత గుప్పెడు తీసి బకెట్ నీళ్ళలో వేస్తే తేలింది. వర్మ గారు దాన్ని చూస్తూ, ‘అమ్మా జ్యోతీ, ఇక వారం లేదు, గీరం లేదు. ఒకటో తారీఖు నుంచి నువ్వు మా మిల్లు మనిషివి. అమ్మకు ఫోన్ చేసి చెప్పుకో’ అన్నాడు.

ఆమె ముందు చెన్ గారికి చెప్పింది. మధ్యలో లియావ్ లేడు. పెద్ద భాషలో సగం, పొద్దున నేర్చుకున్న మాటలతో సగం. ఆయన గ్రీజు చేతిని చొక్కాకు తుడుచుకుని ఆమె తల మీద పెట్టి, లెయ్‌జౌ మాటలో ఏదో అన్నాడు. ఆమె తల ఊపింది. అర్థమైనట్టే ఊపింది.

నాకు ఒక్క ముక్క తెలియలేదు. నా ఉద్యోగం పొడుగునా బాసులూ మేస్త్రీలూ లారీ డ్రైవర్లూ నా చెయ్యి గోకి అడిగిన మాట, జన్మలో మొదటిసారి నేను అడిగాను.

‘ఏమన్నాడే?’

‘ఉండండి మేడంగారూ, చెబుతాను’ అంది ఆయన వైపే చూస్తూ. ‘ఆయన ఇంకా చెబుతున్నారు.’